గంజి లెక్క

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నా బొగ్గుబిళ్ళలు ముందు పొగే ఇచ్చాయి,
నిప్పు సంగతి సాయంత్రం చూద్దామన్నట్టు.

సొరోటి బస్టాండు వెనక
చపాతీలు కాల్చే అకిటెంగ్
కళ్ళు తుడుచుకుంటూ సంచీ తిరిగిచ్చేసింది.
"అసెకెన్యే, నేను అమ్మేది రొట్టె, ఏడుపు కాదు."
సంచీలో సగం వాడేసింది,
డబ్బు మాత్రం మొత్తం వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి లాంతరు దగ్గర
ఒక బిళ్ళ విరిచి చూశాను.
నల్లటి పొడిలో అక్కడక్కడా గోధుమరంగు:
సగమే కాలిన వేరుశనగ డొల్ల,
వీపు మీద గీతలైనా చెరగలేదు.
డ్రమ్ము మూత తొందరపడి తీసింది నేనే.
ఆ రోజు వాన వచ్చేలా ఉంది మరి.

మా ఒకిరోర్ పాత బడిపుస్తకంలో
చివర మిగిలిన కాగితాల మీద రాసుకున్నాను:

బొగ్గుపొడి ఇరవై చెంబులు, గంజి రెండు.
చేతిలోనే రాలింది.
గంజి నాలుగు.
గట్టిపడింది, మూడోనాటికి బూజు పట్టింది.
పుట్టమన్ను మూడు.
రాయిలా ఉంది. కాలడమూ రాయిలాగే.
కుంపట్లో చివరికి మిగిలింది బూడిద కాదు,
బిళ్ళంత బిళ్ళా, తెల్లగా,
చచ్చినా ఆకారం వదలని పంతం.

గంజి ఊరికే రాదు.
కర్రపెండలం పిండి అది, మేము తినే పిండి.
మా అత్త అమూగె గుమ్మంలో కూర్చుని
నేను కొలిచే ప్రతి చెంబూ లెక్కపెట్టేది,
నోటితో కాదు, కళ్ళతో.
ఒకరోజు ఉండబట్టలేక అనేసింది:
"తినే పిండంతా పొయ్యికే పెట్టి
ఆ పొయ్యి మీద ఏం వండుతావమ్మా?"

జవాబు లేదు.
కుండ కడగడానికి లేచాను.

వారం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఎనిమిదో రోజు పొద్దున
మేకల కోసం నానబెట్టిన కర్రపెండలం తొక్కలు తీసి
తొట్టిలో నీళ్ళు వంచుతూ ఆవిడ ఆగిపోయింది.
అడుగున తెల్లటి మడ్డి,
పులిసిన వాసన,
వేలు పెడితే వదలని జిగురు.
చిప్పతో గీకి, నా ముందు పెట్టి,
"ఇది ఎవరూ తినరు" అంది.
అంతే. మేకల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మడ్డి ఉడికించాను.
చిరిగిన దోమతెర నాలుగు మడతలు వేసి
పొడి జల్లించాను, గోధుమరంగు ముక్కలన్నీ మళ్ళీ డ్రమ్ములోకి.
పుట్టమన్ను చిటికెడే, ఉప్పులా.
సైకిలు పంపు గొట్టంతో నడుమ ఒక బెజ్జం.
ఎండలో పెడితే పెదవుల్లా పగిలేవి,
ఈసారి గాదె కింద నీడలో
ఆరు రోజులు, కోళ్ళని తోలుకుంటూ.

గుండె ఎత్తు నుంచి నేల మీద పడేశాను.
ఒకసారి. రెండుసార్లు. మూడోసారి అంచు చిట్లింది,
నడుము విరగలేదు.
పన్నెండు బిళ్ళలతో అలసందలు ఉడికాయి,
కుండ అడుగు మసి
చీరేసే దాకా లేదు, తుడిస్తే పోయింది.
అత్త మూత తీసి, ఒక గింజ నొక్కి చూసి,
ఇంకో గింజ నోట్లో వేసుకుంది.
ఏమీ అనలేదు. మూడో గింజ కూడా తీసుకుంది.

అకిటెంగ్‌కి ఇరవై పంపాను, డబ్బు అడగకుండా.
మర్నాడు చీకటితోనే
ఒక కుర్రాడి నెత్తి మీద ఖాళీ సంచీ వచ్చింది,
మూతి విప్పి ఉంది, లోపల చిల్లర.
"నింపి పంపమంది.
ఇంకోటి కూడా చెప్పమంది:
అంటుకోడానికి మహా ఆలస్యమట,
పిండి కలిపే ముందే రాజెయ్యాల్సొస్తోందట."

పుస్తకం తీశాను.
అంటుకోడానికి ఆలస్యం, అని రాసి
కింద రెండు గీతలు ఖాళీగా వదిలాను.
వెనక పెరట్లో అత్త గొంతు,
తొట్టి నిండిందట,
ఎత్తడానికి నన్ను రమ్మంటోంది.